హరిచరణ్ మ్యూజియం మోజు

పాత వస్తువంటే హరిచరణ్‌కు ఏనాడూ గిట్టదు. తాతగారి తంబురాను అటకమీద పడేసి, మళ్లీ దాని మొహం చూడని మహానుభావుడు. అలాంటివాడు ఆ శుక్రవారం మధ్యాహ్నం విజయనగరంలో కారాపి, పాత వర్తకుల వీధి చూసిపోదామన్నాడు.

కారణం లేకపోలేదు. ఆ ఊళ్లోని సంగీత కళాశాలలో వయొలిన్ చెప్పే ఉద్యోగానికి మొగుడూ పెళ్లామూ ఇద్దరూ ఇంటర్వ్యూకి వెళ్లారు. ఉద్యోగం చరితకొచ్చింది. చేరడానికి ఆ సాయంత్రం అయిదే గడువు. "శ్రీకాకుళం నుంచి బస్సెందుకు, నేనే దింపుతాను" అని హరిచరణ్ బయల్దేరదీశాడు. గడువు దాటించడానికే ఈ ఉపకారం. మేనమామ దగ్గర తన వెనకాల కూర్చుని సరళీస్వరాలు నేర్చి, తర్వాత తనకు పెళ్లామైన మరదలు తనను దాటిపోవడం అతనికి మింగుడుపడలేదు.

ఆ వీధిలో మొదటిది ఒకప్పటి గోనెల వ్యాపారి ఇల్లు, ఇప్పుడు మ్యూజియం. టేకు స్తంభాలు, నిలువెత్తు ఇనప్పెట్టె, బస్తాలు తూచిన కాటా. హరిచరణ్ వస్తువుల పక్కనున్న ఒక్కో వివరాల పలకనూ రెండేసిసార్లు చదివాడు.

"ఆ కాటాని మింగేస్తావేటి బావా? అంతలా సూస్తన్నావు" అంది చరిత.

"పెద్దోళ్ల వస్తువులంటే గౌరవం ఉండాలి."

"ఇంట్లో మనుషుల మీద లేని గౌరవం ఇనప్పెట్టె మీదెందుకు?"

పక్కనున్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. హరిచరణ్‌కు ఒళ్లు మండింది. ఎంతైనా వాగు, గడియారం నా పక్షాన ఉందిలే అనుకుని పళ్లు బిగించాడు.

రెండిళ్ల అవతల మరో మ్యూజియం, అన్నీ వాయిద్యాలే. గాజుపెట్టెలో తీగల్లేని వయొలిన్ ఒకటుంది.

"ఇది నీలాగే ఉన్నాది. పోజు బాగుంది, మోగదు."

"మావయ్య పేరు సెప్పుకుని ఉద్యోగం కొట్టేసినదానివి, నువ్వా మాటాడతావు?"

"ఆ మావయ్యే కదా నీకూ గురువు. మరి నువ్వెందుకు కొట్టలేదు?"

హరిచరణ్ మొహం గంటు పెట్టుకుని డోళ్ల గదిలోకి పోయాడు. అక్కడ కావాలనే చాలాసేపు నిలబడ్డాడు. బయటికొచ్చి చూస్తే చరిత ఎదురింటి అరుగుమీద లక్ష్మణమ్మ అనే పెద్దావిడతో కబుర్లలో మునిగి ఉంది. రోగి కోరిందీ పాలే, వైద్యుడు ఇచ్చిందీ పాలే అని లోలోపల మురిసిపోయి, మూడో మ్యూజియంలోకి దూరాడు.

మ్యూజియం తలుపులు మూసే వేళకు హరిచరణ్ బయటికొచ్చి విచారాన్ని మొహానికి పులుముకున్నాడు.

"అయ్యో, అయిదైపోనాది! టైమే సూసుకోలేదు. పోన్లే, మనకి రాసిపెట్టి లేదు. పద, ఇంటికెళ్దాం."

"నేను సోమవారమే సేరిపోనాను బావా" అంది చరిత.

కారు తలుపు తీయబోతున్న హరిచరణ్ గిరుక్కున వెనక్కి తిరిగాడు.

"కోటబొమ్మాళిలో పిన్ని దగ్గరకని సెప్పి ఇటొచ్చాను. నీకు ముందే తెలిస్తే సేరనిస్తావా?"

"మరి ఇయ్యాల ఎందుకొచ్చావు? నన్ను ఎర్రోణ్ని సెయ్యడానికా?"

"నా అనుమానమే తప్పయితే బాగుణ్ణని వచ్చాను. నువ్వు తిన్నగా కాలేజీ దగ్గర ఆపితే అక్కడే నిజం సెప్పి, నీ కాళ్లు పట్టుకుందామనుకున్నాను. రోజూ బస్సులో వచ్చిపోదామనుకున్నాను. నువ్వు గేటు ముందు నుంచే తోలుకొచ్చేశావు. గేటు వంక సూడనైనా లేదు."

కారు వెనక సీట్లోంచి వయొలిన్ పెట్టె, బట్టల సంచీ తీసుకుంది. సంచీ తెచ్చిన సంగతి హరిచరణ్ అప్పటిదాకా గమనించనే లేదు.

"లక్ష్మణమ్మగారి మేడమీద గది ఖాళీగా ఉన్నాది. ఇందాకే మాటాడుకున్నాను. మీ అమ్మకి ఏటి సెప్పుకుంటావో నీ ఇష్టం."

"చరితా, ఆగు... సీకటి పడతాది, ఇంటికెళ్లి మాటాడుకుందాం" అన్నాడు హరిచరణ్. గొంతులో కోపం పోయింది, భయం మిగిలింది.

"నీకు ఆలస్యమవుతాది బావా, బయల్దేరు" అని చరిత మేడమెట్లెక్కింది.