రెండో చరణానికి ముందు ఉగ్గాని

గుంతకల్లులో గూడ్స్ గార్డుగా చేసి రిటైరైన బయ్యన్నకు పాత సినిమా పాటలంటే పిచ్చి. అన్నిటికంటే ఇష్టమైన పాటను పెళ్లయిన కొత్తలో రేడియో పక్కన టేప్‌రికార్డర్ పెట్టి పట్టుకున్నాడు. ఎవరూ నోరు విప్పొద్దని ముందే చెప్పాడు. అయినా రెండో చరణానికి ముందు వంటింట్లోంచి భార్య రామసుబ్బమ్మ కేక అందులో పడనే పడింది:

"ఏమయ్యా, ఉగ్గాని సల్లారిపోతాండాది, రా!"

ఆ రోజు ఆమెను నానా మాటలూ అన్నాడు. ఆ క్యాసెట్టునే నలభై ఏళ్లుగా అరగదీశాడు.

మొన్న టేపు నలిగి తెగిపోయింది. బయ్యన్నకు అన్నం సయించలేదు. చూడలేక మనవరాలు నిఖిత అదే పాటను ఫోన్లో వెతికి పెట్టింది. గరగర లేదు, ప్రతి మాటా స్పష్టంగా ఉంది. కళ్లు మూసుకుని వింటున్న బయ్యన్న రెండో చరణం దగ్గర మొహం చిట్లించాడు.

"ఇది కాదు పాపా. ఈడ ఏందో కోసేసినారు."

"పాటంతా ఉండాది తాతా!"

"ఇన్నేండ్లు ఇన్నోన్ని, నాకు తెలీదా? మళ్లా పెట్టు."

నిఖిత విసుక్కుంటూ మళ్లీ పెట్టింది. సరిగ్గా రెండో చరణానికి ముందు వంటింట్లోంచి కేక వినబడింది:

"ఏమయ్యా, ఉగ్గాని సల్లారిపోతాండాది, రా!"

"ఆ, ఇప్పుడు సరిగ్గుండాది," అన్నాడు బయ్యన్న.

ఆకలి మీదున్న నిఖిత వంటింట్లోకి పరిగెత్తింది. రామసుబ్బమ్మ పీట మీద కూర్చుని తీరిగ్గా ఉల్లిపాయలు తరుగుతోంది. ఉగ్గానికి కావలసిన బొరుగులు ఇంకా నానబెట్టనే లేదు.