కొత్తపేటలో తయారైన డిఫెన్స్ ఆటగాడు

కొత్తపేటలోని మా విగ్రహాల షెడ్డు నుంచి ఇంతవరకు ఎవరూ ఉత్తచేతులతో బయటికి వెళ్ళలేదు. నాయకుడికి పుస్తకం, రైతుకి నాగలి, ఏమీ తోచకపోతే కనీసం చేతికర్ర. అది మా నాన్నగారి నాటి పద్ధతి. ఇంటివాళ్ళు ముఖంలో పోలిక చూసుకుంటారు, చేతుల సంగతి నాకు వదిలేస్తారు.

క్రిస్టీనా గారు కూడా వదిలేశారనుకున్నాను. ఆవిడ అమెరికా నుంచి దిండిలో హౌస్‌బోటు ఎక్కడానికి వచ్చి, దారి పొడుగునా సెంటరుకొక విగ్రహం చూసి ముచ్చటపడి, పోయిన భర్తకి ఒకటి చెయ్యమన్నారు. ఆయన నలభై ఏళ్ళ కిందట అక్కడి ఫుట్‌బాల్, అదే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట, ఆడినాయన. ఫోటోలో హెల్మెట్ ఉంది. ముఖం కనబడని విగ్రహం ఎవరిదైతేనేం? తీసేశాను. ఆవిడిచ్చిన ఇంకో ఫోటో చూసి మట్టిలో ముఖం దిద్ది, అది ఫోటో తీసి పంపితే బాగుందన్నారు. ఇక ఫుట్‌బాల్ ఆటగాడి చేతిలో ఏం పెట్టాలో ఒకరు నాకు చెప్పాలా?

మా అమ్మాయి సత్యప్రియ చెప్పింది. "నాన్నగారూ, ఈయన డిఫెన్స్ అండి. బంతి పట్టుకెళ్ళేవాణ్ణి పడగొట్టడమే ఈయన పని. ఈయనకి బంతితో పనే లేదండి."

"మనుషుల్ని పడగొట్టినందుకు విగ్రహం పెడతారేంటే, ఊరుకో," అన్నాను. కోలగా ఉండే ఆ బంతిని రెండు చేతులతో గుండెకి హత్తుకున్నట్టు పెట్టి, ఫైబర్‌లో పోత పోసేశాను.

చూసుకోడానికి క్రిస్టీనా గారు వచ్చారు. ముఖం చూసి నవ్వారు. తర్వాత చూపు చేతుల మీదికి దిగి అక్కడే ఆగిపోయింది. మెచ్చుకోలు కోసం నేను మీసం సవరించుకుంటూ నిలబడ్డాను. ఆవిడ మెల్లగా ఏదో అన్నారు. సత్యప్రియ గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది.

"పన్నెండేళ్ళ ఆటలో ఒక్కసారే బంతి ఈయన చేతుల్లోకి వచ్చిందంటండి. పెద్ద పోటీలో, ఆఖరి నిమిషంలో. పట్టుకోలేక వదిలేసేరంట. జట్టు ఓడిపోయిందంట. చివర్లో మతి తప్పి ఈవిణ్ణి కూడా మర్చిపోయేరంట గానీ, 'నేను వదిలేశానా' అని రోజూ అడిగేవారంటండి."

ముప్పై ఏళ్ళ పనిలో మొదటిసారి సిగ్గుపడ్డాను. ఆయన్ని జీవితాంతం తినేసిన వస్తువునే ఏరికోరి ఆయన చేతిలో పెట్టాను.

"తప్పయిపోయిందని చెప్పమ్మా. రెండ్రోజుల్లో చేతులు మార్చేస్తానను," అంటూ రంపం అందుకున్నాను.

ఆవిడ నా మణికట్టు పట్టుకుని ఆపారు. బంతి మీద అరచెయ్యి వేసి ఊపి చూశారు, రెండు చేతులతో లాగి చూశారు. కదల్లేదు. నా వైపు తిరిగి అడిగారు.

"ఎప్పటికీ ఊడిపోదు కదా అంటున్నారండి," అంది సత్యప్రియ.

"ఆయ్, ఊడదండి," అన్నాను ఆవిడతోనే. "లోపల ఇనపకడ్డీ ఉందండి."