పేరు పెట్టి పిలిచిన పూట

ఈశ్వరి ఎవరిని పేరు పెట్టి పిలిచినా ఆ పిలుపు వాళ్ల చెవిలో పడేది, వాళ్లు యాడున్నా సరే. వాకిట్లో నిలబడి "లహరీ, డబ్బా మరిసినావు" అంటే, విడపనకల్లు బస్సులో కూచున్న కూతురు దిగి వెనక్కొచ్చేది. ఊళ్లో అదేం వింత కాదు. గొర్రెలకు పోయినోళ్లకు కబురు చెప్పాలన్నా ఈశ్వరి దగ్గరికే వచ్చేవాళ్లు.

మొగుని మాత్రం పిలిచే దారి లేదు. మొగుని పేరు నోట్లోంచి వస్తే ఆయుస్సు తగ్గుతుందని అత్త తిమ్మమ్మ పెండ్లినాడే చెప్పింది. "ఏమప్పా" అంటే ఆ పిలుపు గడప దాటదు.

అందుకే మొగుడు తిప్పేష్ ఇంటినిండా వైర్‌లెస్ సామాన్లు తెచ్చి పెట్టినాడు. కాలింగ్ బెల్లు పక్కింటోళ్లు టీవీ రిమోటు నొక్కితే మోగేది. రిమోటు ఫ్యాను తిరగమంటే ఆగేది. ఇంగ చీనీకాయల తోట బోరుకు మొబైల్ స్టార్టరంట, ఇంట్లోంచి సెల్లులో మెసేజు పెడితే మోటరు ఆడాలంట. ఆడేది, దానికి బుద్ధి పుట్టినప్పుడు. పొద్దున పెట్టిన మెసేజు మధ్యాహ్నం చేరేది, ఆలోపు త్రీఫేజు కరెంటు పోయేది. చెట్లు ఎండిపోతాంటే ఈశ్వరికి ఆ సామాన్లన్నీ దిబ్బలో పారేయాలనిపించేది.

ఆ పొద్దు కూడా కరెంటు రాంగానే మెసేజు పెట్టింది. మోటరు ఉలకలేదు, పలకలేదు. స్టార్టరు డబ్బా విప్పి చూస్తానని తిప్పేష్ తిట్టుకుంటా తోటకు పోయినాడు. ఫీజులు పీకి పని చేసే ఓపిక ఆయప్పకు ఏనాడూ లేదు.

కాసేపటికి ఈశ్వరి గుండె ఝల్లుమనింది. తను పెట్టిన మెసేజు ఇంకా దోవలోనే ఉండాది. చేతులు డబ్బాలో ఉండంగా అది చేరిందంటే? సెల్లుకు చేసింది. కవరేజి లేదని ఎవరో ఆడమనిషి మర్యాదగా చెప్పింది. మళ్లీ చేసింది. మళ్లీ అదే మర్యాద.

"ఏమప్పా" అని అరిచింది. వాకిట్లో కోళ్లు బెదిరినాయి, అంతే.

ఆయుస్సు తగ్గితే తగ్గనీ, ముందు ఈ పూట బతకాల కదా అనుకునింది. భయంతో, సిగ్గుతో కండ్లు మూసుకుని పిలిచింది.

"తిప్పేషూ, చెయ్యి తీయి."

తోటలో తిప్పేష్ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఆ గొంతులో తన పేరు ఎన్నడూ వినలేదు. అంతలోనే డబ్బాలో టక్కుమనింది, నిప్పురవ్వలు లేచినాయి, మోటరు ఆడింది.

ఇంటికొచ్చి గడప మీద కూలబడినాడు.

"ఇంగోసారి పిలువు," అన్నాడు.

ఈశ్వరి అత్త దిక్కు చూసింది.

"మీ మామ బాయిలో మట్టి పెళ్ల విరిగి పడిన పొద్దు, నేను గూడా ఏమప్పా అనే అరిచినా," అనింది తిమ్మమ్మ. "పిలువు, ఈశ్వరీ."