రెండు డబ్బాల నీలం

మంగళవారం పొద్దున పదిన్నరకి వెర్డెల్ గాడ్స్‌డెన్ నా కొట్టుకొచ్చి రెండు డబ్బాల నీలం రంగు కొనుక్కుపోయింది. పదకొండుకల్లా ఆ సంగతి నేను లోకానికి చాటేశాను. మధ్యనున్న అరగంటలో ఒక్క నిమిషం బుర్ర వాడినా ఈ కథ ఉండేది కాదు. బుర్రని అరుదుగా వాడితే ఎక్కువకాలం మన్నుతుందని నా నమ్మకం.

నాది అమెరికాలో, జార్జియా తీరంలో ఇనపసామాన్ల కొట్టు. మేకులు, గొళ్ళాలు, రంగులు, పీతలు పట్టే బుట్టలు అమ్ముతాను. మా నాన్నా ఇవే అమ్మాడు. వెర్డెల్ హైస్కూల్లో పిల్లలకి వండిపెడుతుంది. ఆమె కొడుకు ట్రెమెయిన్‌కి పద్దెనిమిదేళ్ళు, ఆరడుగుల నాలుగంగుళాలు. మా ఫుట్‌బాల్లో బంతి పట్టుకున్నవాణ్ణి పట్టుకుని నేలకి పడెయ్యడంలో రాష్ట్రం మొత్తానికి వాడే మొదటివాడు. ఏ కాలేజీకి ఆడతాడో వచ్చే వారం బుధవారం స్కూలు జిమ్‌లో చెబుతాడు. మా దృష్టిలో ప్రపంచంలో కాలేజీలు రెండే. ఒకటి మా ఆష్బీ యూనివర్సిటీ, దాని జట్టు హెరన్స్. రెండోది కోల్టన్ స్టేట్, దాని జట్టు మ్యూల్స్. మేం ఎర్ర కొంగలం, వాళ్ళు నీలి కంచరగాడిదలు.

ఏడాదిగా ఆ కుర్రాడి మీద మాది ఒకటే కొంగజపం. 'కొంగగూడు' అని మాకో వెబ్‌సైటుంది. వాడు బూట్లకి ఎర్ర లేసులు కడితే అక్కడ పండగ, నీలం చొక్కా వేస్తే సంతాపసభ. చర్చి మెట్ల మీద వాడు చెయ్యి ఊపితే అది కుడిచెయ్యా, ఎడమచెయ్యా అని పదిహేడు పేజీల చర్చ నడిచింది. పళ్ళు పీకే డాక్టరొకాయన వాడు తాగిన పళ్ళరసం రంగు చూసి జోస్యం చెప్పాడు. ఆ గూట్లో నా పేరు 'తుప్పుమేకు'. పదకొండేళ్ళుగా దిగబడి ఉన్నా నన్ను కదిపి చూసినవాడు లేడు.

ఆ మంగళవారం నేను పెట్టిన పోస్టు ఇది: 'వాళ్ళమ్మ ఇవాళ రెండు డబ్బాల నీలం కొంది. కళ్ళారా చూశాను. ఇంటిరంగు మారిందంటే వంటిరంగు మారినట్టే. కొంగల్లారా, దుఃఖించండి.'

మధ్యాహ్నానికి నలభైవేలమంది చదివారు. నా చేతిలో పంది మాంసం శాండ్‌విచ్ చల్లారిపోయింది, నేను మాత్రం వెచ్చగా ఉన్నాను. తుప్పుమేకు మాట అంటే మాటే అన్నారొకరు. మూడున్నరకి ఎవరో ఒక ఫొటో పెట్టారు. వెర్డెల్ ఇంటి ముందు వరండా, నిచ్చెన, పైకప్పులో సగం నీలం. రోడ్డు మీంచి తీసింది. కింద ఒకడు 'చర్చి దాటాక మూడో ఇల్లు' అని రాశాడు. దాని కింద ఇంకొకడు రాశాడు: 'ఎవరైనా వెళ్ళి ఆమెతో మాట్లాడాలి.'

నా వెచ్చదనం అక్కడితో సరి.

గురువారం వెర్డెల్ మళ్ళీ వచ్చింది. ఈసారి ఆమె చూసేది రంగులు కాదు, గడియలు.

"మిస్టర్ హాలిస్, తలుపుకి గట్టి గడియ కావాలి. రెండివ్వండి. మనిషి దగ్గరికొస్తే దానంతటదే వెలిగే దీపం ఉందా?"

"ఉంది మిస్ వెర్డెల్. ఏమైంది?"

"నిన్నటి నుంచి ఒక ఎర్ర ట్రక్కు మా వీధిలో తిరుగుతోంది. ఆగదు, పోదు. ఫోన్లు సరేసరి. ఒకళ్ళు ఏడుస్తారు, ఒకళ్ళు తిడతారు. పొద్దున ఒకాయన చాలా మర్యాదగా మాట్లాడాడు. మావాడు రోజూ ఆరుంపావుకి ఏ రోడ్డెక్కి పరిగెత్తుతాడో, వంతెన మీద ఏ పక్కన పరిగెత్తుతాడో చెప్పాడు. జాగ్రత్తగా ఉండమన్నాడు."

"షెరిఫ్‌కి చెప్పారా?"

"చెప్పాను. 'అది అభిమానం మేడమ్' అన్నాడు ఫోన్ తీసిన కుర్రాడు. పెట్టేసే ముందు, ఇంతకీ మీవాడు ఎటు వెళ్తున్నాడు మేడమ్ అని అడిగాడు."

నవ్వబోయాను. మానేసి గడియలు రెండూ బల్ల మీద పెట్టాను.

"నేను కంచరగాడిదల రంగు వేస్తున్నానట," అంది ఆమె. "వరండా కప్పుకి ఇంకేం రంగు వేస్తారు మిస్టర్ హాలిస్? మా అమ్మ వేసింది, మా అమ్మమ్మ వేసింది. మీ అమ్మగారి వరండాకి లేదూ?"

ఉంది. పుట్టినప్పటి నుంచీ దాని కిందే పడుకున్నాను. మా తీరాన నల్లవాళ్ళయినా తెల్లవాళ్ళయినా వరండా కప్పుకి నీలం వెయ్యనివాడు లేడు. దయ్యాలు నీళ్ళు దాటలేవు, నీలాన్ని చూసి నీళ్ళనుకుని వెనక్కి పోతాయని వాడుక. కందిరీగలు కూడా గూడు పెట్టవంటారు. ముప్ఫైయేళ్ళుగా ఆ రంగు అమ్ముతున్న నేను, ఆమె డబ్బా ఎత్తి బల్ల మీద పెట్టగానే దయ్యాల్ని మరిచి మ్యూల్స్‌ని చూశాను. నీలివార్త అంటారే, నాది అచ్చంగా అదే, రంగుతో సహా. నీలాపనింద కూడా అదే డబ్బాలోది.

"రంగు కొన్నప్పుడు కొట్లో మీరూ నేనే ఉన్నాం కదా," అంది వెర్డెల్. ఆమె నన్ను అనుమానించలేదు, ఎవరై ఉంటారా అని నాతో కలిసి ఆలోచిస్తోంది. "పార్కింగులో ఎవరైనా చూశారంటారా?"

"అయ్యుండొచ్చు," అన్నాను.

ఆమె వెళ్ళాక ఇంకో పోస్టు పెట్టాను. 'పొరపడ్డాను. అది వరండా రంగు. ఊరంతా వేసుకునేదే. ఆ ఇంటి జోలికి వెళ్ళకండి.' ఎవరూ నమ్మలేదు. తుప్పుమేకుకి మ్యూల్స్ నూనె రాశారన్నారు. పాపం బెదిరించి ఉంటారన్నారు. బెదిరింపంటే గుర్తొచ్చిందేమో, కొందరు ఆమె ఫోన్ నంబరు మళ్ళీ పంచుకున్నారు.

శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి వాళ్ళింటికి వెళ్ళాను. మిగిలిన కప్పుకి నేను రంగు వేసిపెడతానన్నాను. వెర్డెల్ వద్దనలేదు. ఇంట్లో ఇంకో మనిషి ఉంటే చాలనుకున్నట్టుంది. ట్రెమెయిన్‌ని రెండ్రోజులుగా బయటికి పంపడం లేదట. దోమతెర తలుపు వెనక ఆమె కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎండ పెళపెళలాడుతోంది. వీధి మొత్తం కనిపిస్తోంది, ఒక్క పిట్ట లేదు.

రెండు ఇరవైకి ఎర్ర ట్రక్కు వచ్చింది. ఈసారి ఆగింది.

దిగినవాడు నా వయసువాడే. కళ్ళజోడు, ఇస్త్రీ చొక్కా, నెత్తిన కొంగ బొమ్మున్న ఎర్ర టోపీ. అలాంటిదే నా దగ్గరా ఉంది. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె.

"హలో బ్రదర్. నా పేరు గ్రేడీ. మేకన్ నుంచి వచ్చాను. మా ఆవిడ పీచ్ పళ్ళతో తీపి రొట్టె చేసింది, అబ్బాయి వాళ్ళమ్మకి ఇవ్వమంది. ఇంట్లో ఉన్నారా?"

"లేరు," అన్నాను నిచ్చెన మీంచి.

"కారుంది కదా." చిరునవ్వు. "పర్లేదు, నాకేం తొందర లేదు. అబ్బాయి రెండ్రోజులుగా పరిగెత్తడం లేదు, ఒంట్లో బాగుందా? ఆ వంతెన మీద ట్రక్కులు మరీ జోరుగా వెళ్తాయి. వాణ్ణి తలుచుకుంటే నాకు దిగులు."

కుంచెలోంచి నీలం బొట్టు నా ముంజేతి మీద పడి జారింది. తుడుచుకోవడానికి ధైర్యం చాల్లేదు.

"మీకు ఈ ఇల్లెలా తెలుసు?" అన్నాను.

"తుప్పుమేకు నీలం సంగతి చెప్పాడుగా, ఆ తర్వాత ఫొటో వచ్చింది. గొప్పవాడు. ఈ ఇంటి మనిషే అయ్యుండాలి, లేకపోతే డబ్బాలు లెక్కపెట్టి చెప్పగలడా?"

తలుపు వెనక కుర్చీ కిర్రుమంది. ఆమె వింటోంది. నేను నోరు మూసుకుంటే ఈయన రేపూ వస్తాడు, ఎల్లుండీ వస్తాడు. తెరిస్తే వెర్డెల్ దగ్గర నా రంగు బయటపడుతుంది. రెండిట్లో ఏది ఎక్కువ భయమో తేల్చుకునేలోపే మాట వచ్చేసింది.

"తుప్పుమేకుని నేనే. నాది రంగుల కొట్టు. ఆమె రంగు కొంటే చూసి ఏదో కూసేశాను. అది అబద్ధం. మీరు ఇంటికెళ్ళిపోండి."

గ్రేడీ గిన్నెని మెట్టు మీద పెట్టి టోపీ తీశాడు. కోపం వస్తుందనుకున్నాను. అతని కళ్ళు చెమ్మగిల్లాయి.

"మిమ్మల్ని కలుస్తాననుకోలేదు," అన్నాడు. "మీరు మొదట చెప్పిందే నిజం బ్రదర్. తర్వాత భయపడ్డారు, నాకు తెలుసు. భయపడకండి. మీరు లోపలుండి చూసుకుంటున్నారు, నేను బయట చూసుకుంటాను. బుధవారం జిమ్‌లో కలుద్దాం."

ట్రక్కు నెమ్మదిగా పోయింది. వెర్డెల్ తలుపు తెరుచుకుని వచ్చింది.

"దిగు," అంది.

ఇరవయ్యేళ్ళ పరిచయంలో నా 'మిస్టర్' ఊడిపోవడం అదే మొదలు. దిగాను.

"వెర్డెల్, నేను కావాలని..."

"ఎందుకు చేశావో నాకక్కర్లేదు. బుధవారం ఆ ట్రక్కువాడి పక్కన కూర్చో. నిన్ను తనవాడనుకుంటున్నాడు, కూర్చోనిస్తాడు. వాడి చేతులు చూడు. నా కొడుకు ఆ గదిలోంచి బయటపడేదాకా ఇంకేమీ చూడకు."

బుధవారం పదకొండింటికి స్కూలు జిమ్ ఎడం పక్కంతా ఎరుపు, కుడి పక్కంతా నీలం. మధ్యలో బల్ల, బల్ల మీద మూడు టోపీలు. ఇది మా ఆచారం. ఆటగాడు వాటిలో ఒకటి తన నెత్తిన పెట్టుకుంటాడు, మిగతావాళ్ళకి టోపీ పెడతాడు. మూడోది పసుపుపచ్చది, ఉత్తరాన కొండల్లో ఉన్న కాలేజీది. దాన్ని మర్యాద కోసం పెట్టారని అందరం అనుకున్నాం.

గ్రేడీ నాలుగో వరసలో ఉన్నాడు. నన్ను చూసి జరిగి చోటిచ్చాడు. "నిద్రపట్టిందా బ్రదర్? నాకు పట్టలేదు." కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఎండాకాలం కాకపోయినా కోటు వేసుకునే చలి మాత్రం లేదు. జిమ్ తలుపు దగ్గర షెరిఫ్ మనిషి అభిమానులతో ఫొటోలు దిగుతున్నాడు.

ట్రెమెయిన్ వచ్చి కూర్చున్నాడు. వాడి వెనక వెర్డెల్ నిలబడింది. ఆమె ఒక్కసారి నాకేసి చూసింది. నేను గ్రేడీ జేబుకేసి చూశాను.

కుర్రాడు ఏదో మాట్లాడాడు. దేవుడికి, కోచ్‌కి, అమ్మకి కృతజ్ఞతలు. వాడి చెయ్యి ఎర్రటోపీ మీదకి వెళ్ళిందని మావాళ్ళ అరుపుని బట్టి తెలిసింది. వదిలేసి నీలం మీదకి వెళ్ళిందని అవతలివాళ్ళ అరుపుని బట్టి తెలిసింది. గ్రేడీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పెదవులు కదులుతున్నాయి. జేబులో పిడికిలి బిగిసింది. నేను కోటు మీంచే ఆ మణికట్టు పట్టుకున్నాను. లోపల నాడి చేపలా కొట్టుకుంటోంది.

తర్వాత ఏ అరుపూ రాలేదు.

ఎరుపుకి అరవడానికేమీ లేదు, నీలానికీ లేదు. కోపం తెచ్చుకోవాలో వద్దో ఎవరికీ తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి, ఆ ఒక్కడూ నా చేతిలో ఉన్నాడు.

గ్రేడీ కళ్ళు తెరిచాడు. "పసుపు," అన్నాడు పసిపిల్లాడిలా. లేవబోయాడు. నేను లేవనివ్వలేదు. చెక్క నేల మీద రెండు జతల బూట్ల చప్పుడు పక్క తలుపు వైపు వెళ్తోంది. ఒకటి బరువుగా, ఒకటి గబగబా. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. బయట కారు కదిలింది. అప్పుడు వదిలాను.

అతను జేబులోంచి చెయ్యి తీశాడు. ఖాళీ చెయ్యి. అరచేతిలో గోళ్ళ గుర్తులు ఎర్రగా దిగబడి ఉన్నాయి. నా భుజం మీద ఆ చెయ్యి వేసి, మర్యాదగా, మెల్లగా అడిగాడు.

"ఆ కాలేజీ ఎక్కడుంది బ్రదర్? ఇక్కణ్ణించి ఎంత దూరం?"

తొమ్మిది గంటల ప్రయాణం. ఏ హైవే ఎక్కాలో, ఎక్కడ దిగాలో కూడా నాకు తెలుసు.

"తెలీదు," అన్నాను.