లోకంలోంచి వచ్చినవాడు

చాపెల్ రిజిస్టరులో తాత పేరు పక్కన 'లోకంలోంచి' అన్న మాట చూసి నెస్ట్ మొదట పెద్దగా పట్టించుకోలేదు. ఎవరో పరాకున రాసుంటారులే అనుకుంది. టీ తాగి వచ్చి మళ్లీ చూసింది. ఈసారి మనసులో ఏదో కలుక్కుమంది.

ఆ కొండల్లో ఆ మాటని ఎవరూ పరాకున రాయరు. మనిషి ఒక ఊరు వదిలి ఇంకో ఊరు పోయేటప్పుడు, పెట్టే బేడా సర్దుకోకముందే చాపెల్ అనే తమ ప్రార్థన మందిరం పెద్దల దగ్గర ఉత్తరం పుచ్చుకుంటాడు. ఈయన మావాడు, మచ్చలేనివాడు, మీలో కలుపుకోండి అని. కొత్త ఊళ్లో అది చూపిస్తే పేరు పక్కన 'ఉత్తరంతో' అని రాస్తారు. ఏ చాపెల్ గడపా తొక్కకుండా తాగి తిరిగి, ఎప్పటికో బుద్ధొచ్చినవాడికే 'లోకంలోంచి' అని రాసేది. తాత గ్రిఫిత్ ప్రిచర్డ్ పుట్టింది మొదలు చాపెల్ మనిషి. ఈ ఊళ్లో ముప్పయ్యేళ్లు చాపెల్ పెద్దగా చేశాడు. ఆయన పేరు చెక్కిన పలకరాయి గోడకి ఇప్పటికీ ఉంది. మరి 1898లో కొండ అవతల బ్రిన్‌లెక్ నుంచి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉత్తరం ఎందుకు లేదు?

నెస్ట్ అరవై దాటిన పంతులమ్మ. పెళ్లి చేసుకోలేదు. శనివారం చాపెల్ నూరేళ్ల పండగ. ఊళ్లోవాళ్ల పాత వస్తువులన్నీ బల్లల మీద పెడతారు, ఒక్కోదాని కింద నాలుగు ముక్కలు రాసే పని ఆమెకి అప్పగించారు. వాళ్లింటి నుంచి వెళ్లేది అట్ట. బ్రిన్‌లెక్ పలకరాయి గనిలో పెద్ద సమ్మె జరిగినప్పుడు ప్రతి ఇంటి కిటికీలోనూ పెట్టుకున్న అట్ట అది: 'ఈ ఇంట్లో ద్రోహి లేడు.' వాళ్లలో దేవుడి పటాలు పెట్టుకోరు గానీ, పెట్టుకుంటే ఆ ఇంట్లో దాని చోటు ఆ అట్టదే. పొయ్యి పైన, అద్దాల చట్రంలో వేలాడుతూ ఉంటుంది.

ఆ అట్ట కోసమే ఆమె ఎమ్రిస్ రోలాండ్స్‌ని వదులుకుంది. అతను బ్రిన్‌లెక్ నుంచి వచ్చి ఇక్కడ వడ్రంగం పెట్టుకున్న కుర్రాడు. 1938లో ఇద్దరూ పెళ్లి మాట అనుకున్న వారానికే అమ్మ లౌరీ వంటింట్లోకి పిలిచి తలుపు వేసింది. ఆ అబ్బాయి తాత సమ్మె విరిచి గనిలోకి పోయాడు, నా కళ్లతో చూశాను, ఎవరితోనూ అనకు, పాపం వాడి పరువు పోతుంది అంది. నెస్ట్ ఎవరితోనూ అనలేదు. ఎమ్రిస్‌తో కూడా. కారణం చెప్పకుండా వద్దంది. అతనూ ఎందుకని అడగలేదు, అది ఇంకో బాధ. తర్వాత అతను ఇంకొకరిని చేసుకున్నాడు, ఆమె పోయింది. ముప్పై ఏడేళ్లుగా ప్రతి ఆదివారం వీళ్ల ముందు వరసలోనే కూర్చుంటాడు. ఎదురుపడితే మీరు బాగున్నారా అంటే మీరు బాగున్నారా అని, అంతే.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి రికార్డు ఆఫీసుకి పోయింది. అక్కడ పెన్ను పనికిరాదు, పెన్సిలే. బ్రిన్‌లెక్ చాపెల్ పుస్తకం తెప్పించుకుంది. మనిషి బుద్ధి చూడండి, తనింటి సంగతి తేల్చుకుందామని వెళ్లి ముందు ఎదుటివాడి తప్పే వెతికింది. ఎమ్రిస్ తాత హ్యూ రోలాండ్స్, 1897 మార్చి. 'బొగ్గు గనుల్లో పని వెతుక్కుంటూ దక్షిణానికి పోతున్నాడు. ఉత్తరం ఇచ్చాము.' రెండు పేజీల తర్వాత గ్రిఫిత్ ప్రిచర్డ్. 'తోటివాళ్లు పస్తులుండగా గనిలోకి తిరిగి పోయాడు. వెలివేశాము.'

నెస్ట్ ఆ మాటలు పెన్సిల్‌తో కాగితం మీద ఎక్కించుకుంది. అయినా ఆశ చావదు కదా. వాళ్లలో పేర్లకి కరువు, ఊరికి నలుగురు గ్రిఫిత్ ప్రిచర్డ్‌లుంటారు. అందుకే అక్కడ మనిషిని అతనుండే ఇంటి పేరు పెట్టి పిలుస్తారు. వెలివేసినవాడి ఇల్లు టాన్‌గ్రైగ్ అని రాసుంది. బాప్తిస్మాల పుస్తకం తిరగేసింది. 1889 జనవరి, టాన్‌గ్రైగ్, గ్రిఫిత్‌కీ ఎలిన్‌కీ కూతురు, లౌరీ. ఆఖరున చర్చి రిజిస్టరు తెప్పించింది. చాపెల్ కూలివాళ్లది, చర్చి గని యజమానిది. 1897 ఏప్రిల్, సమ్మె ఇంకా నడుస్తుండగానే, టాన్‌గ్రైగ్ మగపిల్లవాడికి చర్చిలో బాప్తిస్మం. ఇంకేం మిగిలింది వెతకడానికి? గురివింద సామెత చిన్నపిల్లలకి ఎన్నిసార్లు చెప్పిందో, అది తనింటి పొయ్యి మీదే వేలాడుతోంది.

ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా కాగితం అమ్మ ఒళ్లో పెట్టింది. ఎనభయ్యారేళ్ల లౌరీ కళ్లజోడు తీసుకోలేదు.

"తమ్ముడు పుట్టాడు. అమ్మకి పాలు పడలేదు. నాన్న వెళ్లాడు," అంది. "అట్ట కిటికీలో పెట్టిందీ నేనే, తీసిందీ నేనే."

"మరి ఎమ్రిస్ వాళ్ల తాత?"

"ఆయన మంచివాడు."

"నాతో అలా ఎందుకు చెప్పావమ్మా?"

"వాళ్ల నాయనమ్మ మా పక్కింటావిడే. పెళ్లికి వస్తే నన్ను పోల్చుకోదూ? అప్పటికి మా నాన్న ఇక్కడ పెద్దమనిషి. ముసలితనంలో ఆయన్ని రెండోసారి వెలి వేయించమంటావా?"

"ఆయన పరువు కోసం నా బతుకు గంగలో కలిపావు."

"అవునే," అంది లౌరీ. సాకు చెప్పలేదు, క్షమించమనీ అనలేదు. నెస్ట్‌కి ఒళ్లు మండిపోయింది. ఏడుపూ వచ్చింది. చట్రం దించి అట్ట బయటికి తీసి, చంకలో పెట్టుకుని వీధిలోకి నడిచింది.

ఎమ్రిస్ కొట్టులో బల్ల చిత్రిక పడుతున్నాడు. ఆమె నిలబడే అంతా చెప్పింది, రిజిస్టరు సంగతి, వంటింటి మాట, అన్నీ. మీ తాతని ద్రోహి అని నమ్మి మిమ్మల్ని కాదన్నాను అంది. అతను చిత్రిక పక్కన పెట్టాడు.

"మీ తాత సంగతి నాకు తెలుసు," అన్నాడు. "నీ పేరూ మీ తాత పేరూ చెప్పిన రోజే నాయనమ్మ చెప్పేసింది."

ముప్పై ఏడేళ్ల తర్వాత నువ్వు అన్నాడని ఆమెకి క్షణం ఆగి తెలిసింది.

"కోపంగా కాదులే. ఎప్పుడూ మీ అమ్మ గురించే, అప్పటి ఆ పిల్ల గురించే చెప్పేది. అట్ట తీసేసిన రోజున, కిటికీ బోసిగా కనపడకూడదని పొద్దుటినుంచీ అద్దానికి వీపు ఆనించి నిలబడిందట. రాళ్లు పట్టుకొచ్చినవాళ్లు ఆ పిల్లని చూసి వెనక్కి పోయారట. నాయనమ్మ చేతిలోనూ రాయుందట."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకూ తెలుసనుకున్నా. నాకు తెలిసిపోయిందని సిగ్గుపడి వద్దన్నావనుకున్నా. అడిగి నిన్ను ఇంకా చిన్నబుచ్చడం దేనికని ఊరుకున్నా."

ఆమె కూర్చోవడానికి అతను ఒక పెట్టె మీది రంపపు పొట్టు తుడిచాడు. ఆమె కాసేపు కూర్చుని లేచింది.

ఇంటికొచ్చేసరికి లౌరీ గుమ్మం వైపే చూస్తోంది. చెప్పేశావా అని అడిగింది.

"వాళ్లకి మొదటినుంచీ తెలుసమ్మా."

"మరి ఎవరితోనూ అనలేదే?"

"నిన్ను చూసి జాలేసిందట."

అప్పుడు చూడాలి ఆ ముసలావిడ ముఖం. కూతురు తిట్టినప్పుడు చెక్కుచెదరనిది, ఆ మాటకి చేతులతో ముఖం కప్పుకుంది. నెస్ట్ దగ్గరికి వెళ్లలేదు. వెళ్లాలని ఉంది. బల్ల దగ్గర కూర్చుని అట్ట ముందు పెట్టుకుని శనివారానికి రాయాల్సింది రాసింది. చాలాసేపటికి లౌరీ ఏం రాశావే అని అడిగింది. ఆమె చదివింది:

"టాన్‌గ్రైగ్ ఇంటి అట్ట. కిటికీలో పెట్టింది 1896 అక్టోబరులో. తీసింది 1897 మార్చిలో. పెట్టిందీ తీసిందీ ఆ ఇంటి పిల్ల లౌరీ, ఎనిమిదేళ్లు."

వద్దంటుందేమో, చింపెయ్యమంటుందేమో అని నెస్ట్ ఎదురుచూసింది. అంటే ఏం చెయ్యాలో ఆమెకే తెలియదు.

"పెట్టినప్పుడు ఏడే," అంది లౌరీ. "తీసేటప్పటికి ఎనిమిది."

నెస్ట్ కలం తీసుకుని దిద్దింది.