ఉసిరిచెట్టు కింద నా విస్తరి

పదకొండేళ్లుగా మావాళ్లు కార్తీకమాసం వనభోజనాలకు కొండెక్కుతున్నారు. పదకొండేళ్లుగా నేను కొండ కింద గిన్నెలకు కాపలా కూర్చుంటున్నాను. వండేది మాత్రం నేనే. పులిహోర, బొబ్బట్లు, గుత్తివంకాయ, దద్దోజనం, అన్నీ నా చేతి మీదుగానే. అడవిలో పొయ్యి వెలిగించనివ్వరు కాబట్టి కొండ కింద ఒక మామిడితోటలో వండుతాను. వండినవన్నీ క్యారియర్లలో సర్దుకుని అందరూ పైకి పోతారు. కొండ కొన మీద పెద్ద ఉసిరిచెట్టు ఉందట, దాని కింద విస్తళ్లు పరుచుకుని తింటారట. కార్తీకంలో ఉసిరి కింద తిన్న అన్నం ఊరికే పోదని మా అత్తగారు చెప్పేది. వండిన మనిషికి ఆ పుణ్యంలో వాటా ఉందో లేదో ఆమె చెప్పలేదు. నేను కోతులను అదిలించుకుంటూ, గిన్నెకు అంటిన పులిహోర గీక్కుని తిని, సాయంత్రం వాళ్లు దిగివచ్చి ఆ చెట్టు గురించి మురిసిపోతుంటే వినేదాన్ని.

కారణం ఏమిటంటే నేను లావు. మా ఇంట్లో ఎవరూ ఆ మాట అనరు, పెద్దమనుషులు కదా. "సుబ్బలక్ష్మమ్మకు మోకాళ్లు బాగలేవు" అంటారు. నంద్యాలలో మాది స్టీలుసామాన్ల అంగడి. పొద్దున తొమ్మిదింటికి నిలబడితే రాత్రి ఎనిమిదింటికి కూర్చుంటాను. అప్పుడు ఎవరికీ నా మోకాళ్లు గుర్తురావు.

ఈ ఏడు నాకు యాభై ఎనిమిది. ఇప్పుడు ఎక్కకపోతే ఇంకెప్పుడూ ఎక్కను. చచ్చేలోపు ఒక్కసారైనా ఆ చెట్టు కింద కూర్చుని, నేను వండిన అన్నం నేను తినాలి. అంతే నా కోరిక. అన్నం తింటుండగా ఆ మాటే అన్నాను.

మా మరిది విజయభాస్కర్ ముద్ద నోట్లో పెట్టబోయి ఆగిపోయాడు. మావాళ్ల వాకింగ్ బృందానికి అతనే నాయకుడు. మెడలో విజిల్ లేకుండా ఇంటి గడప దాటడు.

"వదినా, అది మెట్లు గాదు, కొండ."

"తెలుసులేప్పా. మెట్లయితే నీకు విజిలెందుకు?"

"మరి గిన్నెల కాడ ఎవరుంటారు?"

అందరూ నా వైపు చూశారు. అప్పుడు మా ఆయన, రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువనుకునే మాధవయ్య, మజ్జిగ పోసుకుంటూ "నేనుంటా" అన్నాడు. ముప్పై ఆరేళ్ల కాపురంలో ఆయన నాకు చాలా చీరలు కొన్నాడు. ఒక్కటీ ఆ మాటకు సాటిరాదు.

అంగళ్లకు సెలవు ఆదివారమే కాబట్టి ఆదివారం తెల్లవారకముందే బయలుదేరాం. ఆళ్లగడ్డలో బండి ఆపి విస్తరాకులు కొనేసరికి శిల్పాలు చెక్కేవాళ్లు అప్పుడే ఉలి పట్టారు. తోటకు చేరి, వంట ముగించి, క్యారియర్లు నింపేసరికి తొమ్మిదయింది. మా ఆయన్ను వదిలితే పన్నెండుమందిమి. ఫారెస్టువాళ్లు అనుమతి చీటీతో పాటు దారి చూపడానికి చెంచుగూడెం నుంచి మారెమ్మను పంపారు. యాభై ఏళ్ల మనిషి, ఎండిన చింతబరికెలా ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు. భుజానికి లావాటి తాడు చుట్ట వేసుకుంది. బండల అంచుల్లో తేనె తీసేటప్పుడు దిగే తాడట.

గంటసేపు బాగానే నడిచాం. నేను చివర, నా వెనక ఎవరూ లేరు. తర్వాత మలుపు తిరిగితే దారి లేదు. పోయిన నెల కురిసిన వానకు వాగు పొంగి, దారినంతా కిందికి ఈడ్చుకుపోయింది. ఎర్రమట్టి గోడ ఒకటి మిగిలింది.

విజయభాస్కర్ విజిల్ ఊదాడు. ఎవరి కోసమో తెలియదు, అందరం అక్కడే ఉన్నాం.

"దావ పాయ. ఇంగ మళ్లుకోవల్సిందే" అన్నాడు.

మారెమ్మ తల ఎత్తి ఎడమవైపు చూపించింది. నిట్టనిలువు వాలు. టేకు, నల్లమద్ది, మధ్యలో వెదురు పొదలు, కింద తడి ఆకులు మడమల లోతున. దారి కాదు కదా, దారి అనే ఊహ కూడా లేదక్కడ.

"ఇట్ల పోతే సక్కగా కొనకే. సెట్లు పట్టుకోని ఎక్కాల" అంది.

"మేం ఎక్కుతాం గానీ వదిన..." అన్నాడు మరిది. "వదినా, నా కూతురు దివ్యను తోడుంచుతా, ఈడే నీడలో కూచో. మేం బేగా వస్తాం."

పదకొండేళ్లు మామిడితోటలో కూర్చున్నాను. పన్నెండో ఏడు సగం కొండలో కూర్చోమంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను నోరు తెరిచేలోగా మారెమ్మ నా దగ్గరికి వచ్చి నా మోచేయి పైన కండ పట్టుకుని, అంగట్లో గిన్నె మందం చూసినట్టు, ఒత్తి చూసింది.

"ఏం పని చేస్తావక్కా ఈ చేతుల్తో?"

"అంగట్లో బిందెలెత్తుతా. పెళ్లయినా పేరంటమయినా మావాళ్లల్లో నలభైమందికి, యాభైమందికి నేనే వండుతా. గుండిగ నేనే దించుతా."

"అయితే ఎక్కుతావు. ఆ దావ కాళ్లది. ఇది చేతులది." కొంగు బిగించి ఎక్కడం మొదలుపెట్టింది.

రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే ఎట్లా? చెప్పులు విడిచి సంచిలో వేసుకున్నాను. చీర గోచీ పెట్టి కట్టుకున్నాను. మారెమ్మ వెనకే నేను, నా వెనక మిగతావాళ్లు.

మారెమ్మ పాఠం మూడు ముక్కల్లో ముగిసింది. పచ్చిచెట్టునే పట్టుకో. బరువు వేసేముందు ఒకసారి గుంజి చూడు. పైకి చూడొద్దు, ముందున్న చెట్టునే చూడు. అట్లాగే చేశాను. ఒక చెట్టును పట్టుకోవడం, ఒళ్లు పైకి లాక్కోవడం, ఊపిరి తీసుకోవడం, ఇంకో చెట్టు. కాళ్లు జారుతున్నా చేతులు మాట విన్నాయి. వెనక మావాళ్ల అవస్థ వేరు. మా అంగడి గొప్ప చూపించుకోవడానికి విజయభాస్కర్ కొత్త మోడల్ ఐదు గిన్నెల క్యారియర్లు తెచ్చాడు. అద్దంలా మెరుస్తాయి, ఒక్కోటి పసిపిల్లంత బరువు. చెట్లు పట్టుకోవడానికి రెండు చేతులూ కావాలి, క్యారియరుకు ఒక చెయ్యి కావాలి. స్టీలుసామాన్ల వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యని తెలివితక్కువ పని అది. చివరికి కండువాలతో వీపులకు కట్టుకున్నారు.

సగం దూరం దాటాక గర్వం వచ్చింది నాకు. గర్వం రాగానే చూడకుండా ఒక కొమ్మ పట్టుకున్నాను. అది ఎండుది. పటుక్కున విరిగింది. తడి ఆకుల మీద కూర్చున్నపళంగా జారి, మూడు చెట్ల కిందికి పోయి, విజయభాస్కర్ కాళ్ల దగ్గర ఆగాను. మోకాలు చెక్కుకుపోయి నెత్తురు వచ్చింది.

"చాలు వదినా" అన్నాడతను. ఈసారి వెటకారం లేదు, నిజంగా భయపడ్డాడు. "నీకేమన్నా అయితే అన్నకు నేనేం చెప్పాల? ఈ చెట్టు కిందనే కూచో. నీ అన్నం నేనే కిందికి తెస్తా."

నాకు ఏడుపు వచ్చింది. నొప్పికి కాదు. అతని గొంతులో ఉన్న జాలి నన్ను కూర్చోబెట్టేటట్టుంది. వెటకారమైతే తిట్టి లేచేదాన్ని, జాలిని ఏమని తిట్టాలి? ఒక నిమిషం నిజంగానే కూర్చున్నాను. చల్లగా ఉంది. హాయిగా ఉంది. ఇట్లాగే కదా పదకొండేళ్లు గడిచిపోయాయి అనిపించింది. ఆ హాయి చూస్తే నాకు భయమేసింది.

అతని కూతురు దివ్యశ్రీ పక్కన వంగి, నా మోకాలు నీళ్లతో కడిగింది. "పెద్దమ్మా, దిగుదామా, ఎక్కుదామా?" అని అడిగింది. పదకొండేళ్లలో నన్ను అడిగింది ఆ పిల్ల ఒక్కతే. మిగిలినవాళ్లంతా చెప్పినవాళ్లే.

"ఎక్కుదాం" అన్నాను. లేచాను. జారిన మూడు చెట్లనూ మళ్లీ ఎక్కాను. ఈసారి ప్రతి కొమ్మనూ గుంజి చూశాను.

కొన ఇంకో ముప్పై అడుగులుందనగా బండ అడ్డం వచ్చింది. రెండు నిలువుల ఎత్తు, పాచి పట్టి నున్నగా ఉంది. మారెమ్మ బల్లిలా పైకి పాకి, తాడు చెట్టుకు కట్టి కిందికి వదిలింది. విజయభాస్కర్ నాయకుడు కదా, ముందు తనే పట్టుకున్నాడు. బూట్లు పాచి మీద నిలవలేదు. రెండుసార్లు ఎక్కి రెండుసార్లు జారాడు. మూడోసారి బూటు అడుగు ఊడి నాలుకలా వేలాడింది.

"ఆయమ్మను పంపండి" అంది మారెమ్మ పైనుంచి.

బండ పగులులోంచి జువ్విచెట్టు వేరు ఒకటి బయటికి వచ్చి ఉంది. ఒక చేత్తో తాడు, ఇంకో చేత్తో వేరు పట్టుకున్నాను. ఒట్టికాళ్లు రాతిని పట్టుకున్నాయి. భుజాలు ఊడిపోతాయేమో అనిపించింది. ఊడలేదు. పెళ్లిళ్లలో గుండిగలు దించిన చేతులవి. గడ్డం బండ అంచు మీద ఆనింది, తర్వాత పొట్ట, తర్వాత నేను మొత్తం.

మారెమ్మ నన్ను ఒక చెట్టుకు ఆనించి కూర్చోబెట్టి, కాళ్లు రెండూ బండ అంచుకు తన్నిపెట్టించి, తాడు విప్పి నా చేతికిచ్చింది.

"నీ మరిది బూట్లు నిలబడవు, మనిషిని గుంజాల్సిందే. నాయట్లాదాన్ని ఆయప్పే కిందికి గుంజుకోని పోతాడు. ఈడ బరువున్న మనిషి కావాల. నువ్వు కూచుంటే కదలవు" అంది.

పుట్టి బుద్ధెరిగాక నా బరువు కావాలని ఎవరైనా అడగడం అదే మొదటిసారి. ఆ సంతోషం ఎంతని చెప్పను? ముందు క్యారియర్లు లాగాను, బావిలో చేద తోడినట్టు. తర్వాత మనుషులు. దివ్యశ్రీ గాలిలా వచ్చింది. ఆమె తల్లి మాధురి కళ్లు మూసుకుని వచ్చింది. మిగతావాళ్లూ ఒక్కొక్కరే వచ్చారు. అందరికంటే చివర విజయభాస్కర్. తాడు పట్టుకుని, ఒక కాలికి బూటు, ఒక కాలికి మేజోడు.

"వదినా, మెల్లగా" అన్నాడు.

"మెల్లగానే గుంజుతాండా. నువ్వు విజిల్ ఊదకుండా రా" అన్నాను.

అతను పైకొచ్చి నా పక్కనే పడి కాసేపు ఆయాసపడ్డాడు. తర్వాత నా అరచేతులు తిప్పి చూశాడు. తాడు రాసుకుని ఎర్రగా కందిపోయాయి.

అక్కడి నుంచి నడకే. ఇక చెట్టు గురించి చెప్పాలి. నేను అనుకున్నంత పెద్దది కాదు. మావాళ్లు పదకొండేళ్లుగా కోతలు కోశారు. కానీ కొమ్మ కొమ్మకూ కాయలు, సన్నటి ఆకుల్లోంచి ఎండ పొడలు పొడలుగా పడుతోంది. ఒకవైపు అడవి అంతా కింద పరుచుకుంది, ఇంకోవైపు దూరంగా వరిమళ్లు. నేను ఎక్కిన వాలు ఎక్కడుందో వెతికితే చెట్ల తలలు తప్ప ఏమీ కనబడలేదు. అదంతా నా చేతులతోనే ఎక్కాను. గట్టిగా నవ్వాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

విస్తళ్లు పరిచారు. మా ఇంట్లో వండినవాళ్లు వడ్డించాలి, అందరూ లేచాక తినాలి. అలవాటు కొద్దీ క్యారియర్ విప్పి గరిటె పట్టుకున్నాను. విజయభాస్కర్ వచ్చి గరిటె లాక్కున్నాడు.

"నువ్వు కూచో వదినా."

"వడ్డన..."

"కూచోమంటి గదా."

పదకొండేళ్లుగా అతను నాకు చెబుతున్న మాటే అది. ఇన్నేళ్లలో మొదటిసారి నాకు కోపం రాలేదు. చెట్టు మొదట్లో, నడిమధ్య కూర్చున్నాను. నా పక్కన మారెమ్మ కూర్చుంది. మొదటి విస్తరి నాదే. పులిహోర వేశాడు, బొబ్బట్టు వేశాడు, గుత్తివంకాయ వేశాడు. గరిటె పట్టడం రాక, వేసినదాంట్లో సగం ఆకు బయటే పడింది. ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పులిహోర చాలా బాగుంది. నా చేతి వంట ఇంత బాగుంటుందని నాకు తెలియదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు, తింటూనే ఉన్నాను.

విజయభాస్కర్ గరిటె పట్టుకుని నా ముందే నిలబడి, వెనక్కి ఆ బండ వైపు చూశాడు.

"వదినా, దిగేటప్పుడు ఎట్లా?"

"దిగేది తర్వాత చూస్తాం లేప్పా" అన్నాను. "ముందు ఇంకో గరిటె ఎయ్యి."