గాలంటే భయపడే యంత్రం

నాకు భయం ఎక్కువ. ఆ సంగతి ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు, మా బావకి మరీ తెలుసు. వెనక నుంచి పిల్లిలా వచ్చి చెవి దగ్గర చప్పట్లు కొట్టేవాడు. నేను ఎగిరిపడేవాణ్ణి. నాకు 'ఉలికిపాటు' అని పేరు పెట్టింది ఆయనే. చివరికి గేటు దగ్గర సెక్యూరిటీ అతను కూడా "ఏం ఉలికిపాటు గారూ, ఇవాళ పగటి డ్యూటీయా?" అని మర్యాదగా అడిగేవాడు.

మేం చేసే పని చెప్తే బంధువుల్లో ఎవరూ నమ్మరు. కొలిమిలోకి గ్యాసు పంపిస్తాం, అవతల నుంచి నల్లటి పొగ వస్తుంది. ఆ పొగలో ఉండేవే కార్బన్ నానోట్యూబులు. వెంట్రుకని నిలువునా కోట్ల పాయలుగా చీలిస్తే ఒక్కో పాయ ఎంత ఉంటుందో అంత సన్నటి గొట్టాలు. వాటిని గ్యాసులోంచి వేరు చేసి సంచులకెత్తాలి. దిండంత సంచీ చేతిలోకి తీసుకుంటే ఖాళీ సంచీ పట్టుకున్నట్టే ఉంటుంది. ఇంత తేలిక సరుకు కోసం ఇంత పెద్ద కొంప కట్టారేమిట్రా అని మొదట్లో నవ్వుకున్నాను.

ఆ వేరు చేసే చోటే నా డ్యూటీ. రెండంతస్తుల ఎత్తు ఉక్కు డ్రమ్ము, లోపల వరసలు వరసలుగా వేలాడే గుడ్డ సంచులు. గ్యాసు గుడ్డలోంచి దాటిపోతుంది, నలుపు గుడ్డకి అంటుకుని ఉండిపోతుంది. అది మరీ మందంగా పేరుకుంటే గ్యాసుకి దారి ఉండదు. అప్పుడు యంత్రం తనంతట తనే సంచుల్లోకి నైట్రోజన్‌ని ఒక్క దెబ్బ కొడుతుంది, మనం దుప్పటి దులిపినట్టు. 'ధబ్' మంటుంది, నలుపంతా కిందకి రాలుతుంది.

మామూలు గాలితో దులపొచ్చుగా అంటే, కూడదు. లోపలి గ్యాసులో హైడ్రోజన్ ఉంటుంది. దానికి గాలి కలిసి ఎక్కడో చిన్న నిప్పురవ్వ పుట్టిందంటే డ్రమ్ముతో పాటు మేమూ గాల్లో కలిసిపోతాం. అందుకే ఆ యంత్రాన్ని కట్టినవాళ్ళు దానికి గాలంటే భయం నేర్పారు. లోపల గాలి జాడ తగిలిందా, గ్యాసుని సంచుల్లోంచి లాగే ఫ్యాను ఆగిపోతుంది. ఎక్కడ చూసినా గోడకి ఎర్ర మీటలు. ఏ ఒక్కటి నొక్కినా నైట్రోజన్ అంతా ఒక్కసారిగా లోపలికి వచ్చిపడుతుంది, నిప్పు పుట్టే ప్రసక్తే ఉండదు. "అనుమానం వస్తే ముందు ఎర్రది నొక్కు, తర్వాత ఆలోచించు" అని చేరిన రోజు నుంచీ మాకు నూరిపోశారు. నాలాంటివాడికి అంతకంటే నచ్చే మాట ఏముంటుంది.

కానీ నైట్రోజన్‌లో నిప్పే కాదు, మనిషీ బతకడు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఉక్కిరిబిక్కిరి కూడా కానివ్వదట. పీల్చుకుంటూ పీల్చుకుంటూనే పడిపోతాడట.

చిత్రమేమిటంటే మా ఇంట్లో దాని గురించి ఎవరికీ బెంగ లేదు. భయమంతా నలుపు గురించే. మా అక్క అదే ఫ్యాక్టరీలో కంట్రోల్ రూములో ప్యానెల్ చూస్తుంది. బావ ఫిట్టరు. ఆ నలుపు ఊపిరితిత్తుల్లో చేరిందంటే ఇక బయటికి రాదని అక్క ఎక్కడో చదివింది. అప్పటి నుంచి మొగుడు ఫ్యాక్టరీలో స్నానం చేసి వచ్చినా సరే, ఇంట్లో మళ్ళీ చేయించేది. "ఈ చర్మం నాదేనే, అరిగిపోతోంది" అని బావ మొత్తుకునేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక సంచీ చిరిగిందని తెలిసింది. కొలిమి ఆపేశారు. హైడ్రోజన్ అంతా తరిమేశాక, పెద్ద నైట్రోజన్ లైనుకి అడ్డంగా రేకు బిగించారు. దులిపే లైను వాల్వుకి తాళం వేశారు. లోపల గాలి బాగుందని మీటరు పెట్టి చూశారు. అన్నీ పద్ధతిగానే చేశారు, వంక పెట్టడానికి లేదు. బావ లోపలికి దిగాలి. పైమూత దగ్గర నేను కాపలా. మూత మీద మూడు కాళ్ళ స్టాండు, దానికి చేత్తో తిప్పే గిలక, గిలక తాడు బావ నడుముకీ భుజాలకీ కట్టిన పట్టీలకి. కాపలావాడికి ఒకటే నియమం: ఏం జరిగినా వాడు లోపలికి దిగకూడదు.

అప్పుడు వాకీటాకీలో అక్క గొంతు వినిపించింది. "ఫ్యాను నడుపుతా. నలుపంతా సంచులకేసి లాగేసుకుంటుంది, ఆయన మొహాన పడదు."

"లోపల గాలి ఉందిగా, ఫ్యాను తిరగదు" అన్నాను.

"తిప్పుతా. తాళంచెవి ఉంది."

ప్యానెల్ మీద ఒక స్ప్రింగు తాళం ఉంది. దాన్ని తిప్పి పట్టుకుంటే యంత్రం తన భయాన్ని పక్కన పెట్టి ఫ్యాను తిప్పుతుంది. చెయ్యి తీస్తే స్ప్రింగు వెనక్కి కొట్టేస్తుంది, ఫ్యాను ఆగిపోతుంది. ఎప్పుడో అవసరానికి క్షణం పాటు వాడేదాన్ని పని అయ్యేదాకా పట్టుకు కూర్చుంటానంది మా అక్క. షిఫ్టు ఇంజనీరు కూడా "మంచిదేగా, కొత్త గాలి కూడా ఆడుతుంది" అన్నాడు. నిజంగానే మంచిదనిపించింది. మూత దగ్గర నిలబడితే గాలి నా చొక్కా అంచుని లోపలికి లాగుతోంది.

బావ ముసుగు మొహానికి బిగించుకున్నాడు. నలుపుని ఆపే ముసుగు అది, అంతే. దిగబోతూ నా వైపు చూసి కన్ను కొట్టాడు. "బామ్మర్ది బతక కోరతాడంటారు. తాడు నీ చేతిలోనే ఉంది, మాట నిలబెట్టు ఉలికిపాటూ."

"దిగు బావా, అపశకునపు మాటలూ నువ్వూ" అన్నాను.

దిగాడు. సంచుల మధ్య ఆయన టార్చిలైటు కదులుతూ ఉంది. ఏదో కూనిరాగం తీస్తున్నాడు, ముసుగులోంచి దోమ పాడినట్టు వినిపిస్తోంది. నాకు మాత్రం అరచేతులు చెమటలు పట్టి, ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాను.

'ధబ్' మంది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మూతలోంచి నల్లటి మబ్బు పైకి లేచింది. "ఒరేయ్, ఎవడ్రా దులిపింది?" అని కింద నుంచి బావ అరిచాడు. గొంతులో ఇంకా నవ్వుంది. మళ్ళీ ధబ్. పక్క వరస. మళ్ళీ ధబ్. టార్చిలైటు కనపడటం మానేసింది. బావ మెడలోని గాలి మీటరు కీచుమని అరవడం మొదలుపెట్టింది. కూనిరాగం లేదు, తిట్టూ లేదు.

ఏం జరిగిందో ఆ క్షణాన నాకు తట్టలేదు. తర్వాత అందరూ నెమ్మదిగా కూర్చుని తేల్చారు. ఫ్యాను తిరుగుతుంటే నలుపు మళ్ళీ సంచులకి పేరుకుంది. పేరుకుంటే యంత్రం ఏం చేస్తుంది? దులుపుతుంది. వాల్వుకి తాళం వేశాం గానీ, తాళానికి ఇవతల, డ్రమ్ము వైపు ఉన్న చిన్న ట్యాంకులో నైట్రోజన్ నిండుగా ఉండిపోయింది. ఎప్పుడూ ఫ్యాను ఆపే దిగుతారు కాబట్టి ఆ ట్యాంకు సంగతి ఎన్నడూ ఎవరికీ అవసరం పడలేదు.

నాకు తట్టింది ఒకటే, ఎర్ర మీట. అది నా పక్కనే ఉంది. అనుమానం వస్తే నొక్కు. నా అరచెయ్యి దాని మీదకి వెళ్ళిపోయింది కూడా.

"ఎర్రది నొక్కకు!" వాకీటాకీ బద్దలయ్యేలా అరిచింది అక్క. "పెద్ద లైను మూసినా, నొక్కావంటే దులిపే ట్యాంకులో మిగిలిందంతా ఒక్కసారే ఆయన మీద పడుతుంది. నొక్కకురా!"

చెయ్యి కాలినట్టు వెనక్కి తీసుకున్నాను. ఒక్క వేలు బరువు పడి ఉంటే మా బావని నేనే చంపేసేవాణ్ణి.

"దులపడం ఆపు అక్కా!"

"ఆపేశా. రెండో చేత్తో ఆపేశా. ఆయన మాట్లాడుతున్నాడా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఉన్నమాట చెప్తే అక్క పరిగెత్తుకొస్తుంది. వస్తే తాళంచెవి వదిలేస్తుంది. ఫ్యాను ఆగితే ఆ డ్రమ్ములోకి కొత్త గాలి రాదు. "మీటరు గోలలో ఏం వినపడటం లేదు" అన్నాను, గిలక తిప్పుతూ.

"నాతో అబద్ధమాడకు. నీ గొంతు నాకు తెలీదా?"

"పడిపోయాడక్కా. నువ్వు అక్కడి నుంచి లేచావంటే..."

"తెలుసు" అంది. అంతే.

గిలక తిప్పుతుంటే తాడు బిగుసుకుంది. బరువు కదిలింది, కొంచెం పైకొచ్చింది, ఆగిపోయింది. బలం కొద్దీ లాగాను. రాలేదు. పట్టీ ఎక్కడో సంచీని పట్టి ఉంచే ఊచకి తగులుకుంది. నేను కేకలు పెడుతున్నాను, కింద మెట్ల మీద ఎవరో పరిగెత్తుతున్న చప్పుడవుతోంది, వాళ్ళు ఎక్కి వచ్చేసరికి ఎంత సేపవుతుందో! లోపలికి దూకేద్దామనిపించింది. ధైర్యవంతుడైతే దూకేసేవాడే. ఇలాంటి చోట ఒకడి కోసం ఇంకొకడు దూకి, వాడి కోసం మూడోవాడు దూకి, వరసగా పోయిన కథలు మాకు చెప్పేవాళ్ళు. నేను అంచు మీద చెయ్యి వేసి, ఆ నల్లటి గోతిలోకి చూసి, దూకలేకపోయాను. భయమేసింది. చావంటే భయమేసింది. ఇందులో దాచేదేముంది?

దూకకపోతే మిగిలింది ఒకటే దారి. తాడు వదలాలి. ఆ తగులు ఊడాలంటే మనిషిని మళ్ళీ కిందకి దించాలి. గాలి లేని చోటికి, నా చేతులతో నేనే. పళ్ళ బిగువున గిలక వెనక్కి తిప్పాను. బరువు కిందకి జారింది. తాడుని ఒక పక్కకి ఊపాను. ఉక్కుకి తలో భుజమో కొట్టుకున్న చప్పుడు విన్నాను. "బావా, బావా, బావా" అంటూనే మళ్ళీ పైకి తిప్పాను. ఈసారి ఆగలేదు.

పైకొచ్చినవాడు మా బావలా లేడు. నల్లటి మూట. ఇంజనీరూ, ఇంకొకతనూ అప్పుడే చేరుకుని చెరో భుజం పట్టి ఇనుప మెట్టు మీదకి లాగారు. ముసుగు పీకేశాను. దాని కింద మాత్రం మొహం తెల్లగా, పాలిపోయి ఉంది. ఊపిరి లేదు.

ఆయన ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊదాను. ఛాతీ లేచింది, పడింది. మళ్ళీ ఊదాను. ఏడుస్తూ ఊదాను. నా కన్నీళ్ళు పడ్డచోట ఆయన చెంప మీద నలుపు చారలు కట్టింది. ఇంజనీరు ఏదో అంటున్నాడు, నాకు వినపడలేదు. ఊదుతూనే ఉన్నాను.

బావ ఒళ్ళు ఒక్కసారి విరుచుకుంది. ఎక్కడో పాతాళంలోంచి వచ్చినట్టు ఒక దగ్గు వచ్చింది. కళ్ళు తెరిచాడు. నన్ను గుర్తుపట్టలేదు. నా చొక్కా గుప్పిట పట్టి చిన్నపిల్లాడిలా వణికాడు. నన్ను ఇన్నేళ్ళు భయపెట్టిన మనిషి కళ్ళల్లో అంత భయం నేనెప్పుడూ చూడలేదు. గట్టిగా వాటేసుకున్నాను.

"తమ్ముడూ" అంది వాకీటాకీ. చాలా మెల్లగా అంది. "ఏదో ఒకటి చెప్పరా."

వాకీటాకీ తీసి బావ నోటి దగ్గర పెట్టాను. ఆయన దగ్గాడు. ఆగకుండా దగ్గాడు. ఆ దగ్గు మధ్యలో అక్క పేరు కూడా వినిపించింది.

కింద ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"చాలక్కా" అన్నాను చివరికి. "బయటికొచ్చేశాడు. ఇంక తాళంచెవి వదిలెయ్యి."

"వదులుదామనే చూస్తున్నాన్రా" అంది అక్క. "వేళ్ళు రావట్లేదు. ఎవరినైనా పంపించు."